అద్దె బండి, ఘాట్ రోడ్డు, డోలీ

"పాడేరు దాటి తీసుకెళ్ళకండన్నా," అన్నాడు బళ్ళు అద్దెకిచ్చే కుర్రాడు. అరకు స్టేషన్‌కి కాస్త దూరంలో రేకుల షెడ్డు, దాని ముందు ఎనిమిదో తొమ్మిదో బళ్ళు. నా లైసెన్సు ఫొటో తీసుకున్నాడు. ఆధార్ ఒరిజినల్ డ్రాయర్లో పెట్టుకున్నాడు. బండి మీదున్న గీతలన్నీ నా ఫోన్‌తోనే వీడియో తీయించాడు, రేపు ఇద్దరికీ గొడవ లేకుండా. రోజుకి ఏడొందలు, పెట్రోలు మనదే, ట్యాంకులో బంకు దాకా వెళ్ళేంత మాత్రం ఉంది. చాపరాయి, గాలికొండ, కాఫీ తోటలు, మహా అయితే బొర్రా గుహలు: అతని ప్రపంచపటంలో టూరిస్టు హద్దులు అవి.

నాకు వెళ్ళాల్సింది చింతపల్లి. వందకి అటూ ఇటూగా కిలోమీటర్లు. అక్కణ్ణుంచి ఇంకో ఇరవై లంబసింగి. చెప్పేశాను. కాసేపు ఆలోచించి "ఎక్స్‌ట్రా అవుద్ది" అన్నాడు. సరేనన్నాను.

చింతపల్లే ఎందుకంటే, ఆ ముందు నెలంతా డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం ఒకటి చదువుతూ ఉన్నాను. 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో వచ్చింది. గూడెం, రంప కొండల్లో 1839 నుంచి 1924 దాకా జరిగిన తిరుగుబాట్ల గురించి. చరిత్ర నా సబ్జెక్టు కాదు, నేను చదివింది ఇంజనీరింగ్. అందుకేనేమో, ఆ వ్యాసంలో వీరులకన్నా నన్ను ఎక్కువ పట్టుకున్నవి రోడ్లు. 1922 నాటి తిరుగుబాటుకి కారణాల్లో ఒకటి రోడ్డు పని. మనం వీకెండ్‌కి మంచు చూడ్డానికి వెళ్ళే ఆ లంబసింగి ఘాట్ రోడ్డు, నర్సీపట్నం నుంచి చింతపల్లి ఎక్కేది. దాన్ని బండి మీద ఒకసారి చూడాలనిపించింది. బస్సులోనో కారులోనో అయితే ఘాట్ రోడ్డు కిటికీ బయట ఉంటుంది. బండి మీదైతే ప్రతి మలుపూ మోచేతుల్లోకి వస్తుంది, కొండని ఎక్కడ తొలిచారో తెలుస్తుంది.

అరకు నుంచి పాడేరు దాకా చెప్పుకోడానికి పెద్దగా లేదు. ఈ దారి ఇప్పుడు 516ఇ అనే జాతీయ రహదారి. రాజమండ్రి వైపు నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు దిగుతుంది. వెడల్పు చేస్తున్నారు. కొన్నిచోట్ల నున్నటి తారు, కొన్నిచోట్ల ఎర్రమట్టి. టిప్పర్ వెనక పడ్డామా, హెల్మెట్ లోపలికి కూడా దుమ్మే. డుంబ్రిగుడ మండలంలోంచి వెళ్తుంటే 2018 సెప్టెంబర్ 23 గుర్తొచ్చింది. ఈ మండలంలోని లివిటిపుట్టు దగ్గరే మావోయిస్టులు అప్పటి అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ ఆపి కాల్చి చంపారు. ఈ కొండల్లో దారి కాయడమనేది పాత యుద్ధవిద్య.

ఆ 516ఇ మీదున్న ఊళ్ళ పేర్లు ఇంకోసారి చదవండి. రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి. మన్యం తిరుగుబాటు పుస్తకానికి విషయసూచికలా లేదూ?

రోడ్డు లేని కాలంలో ఈ కొండలకి దారులే లేవనుకుంటాం. అది తప్పు. దారులు చాలానే ఉండేవి. తీరం నుంచి ఉప్పు ఎద్దుల మీద వేసుకుని బంజారాలు కొండలు దాటి జయపురం, బస్తరు వైపు పోయేవాళ్ళు, ధాన్యమూ అటవీ సరుకులూ దింపేవాళ్ళు. సంతలకి కాలిబాటలు, పోడుకి కాలిబాటలు. లేనిదల్లా బండిచక్రం తిరిగే దారి, అంటే తుపాకులూ, కాయితాలూ, తాసీల్దారూ సులువుగా ఎక్కగలిగే దారి. దానికి తోడు మన్యం జ్వరం. మైదానం నుంచి వచ్చినవాణ్ణి మలేరియా పట్టుకుంటే రెండో వర్షాకాలానికి మిగలడం అనుమానమే. కుంఫిణీ దొరలకి ఈ కొండల మీద ఆశ లేక కాదు, ఊపిరి ఆడక దూరంగా ఉన్నారు.

1839లో చేసిన చట్టం (ఆ ఏటి 24వ చట్టం) గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు కింద పెట్టింది. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అంటున్నది ఆ ఏజెంటు పేరు మీదే. కింద రోజువారీ పాలన ముఠాదారులది. కొన్ని ఊళ్ళు కలిస్తే ఒక ముఠా. శిస్తు వసూలు చేసి పంపాలి, తన ముఠాలో గొడవలు లేకుండా చూసుకోవాలి, 'ఫితూరీ' లేస్తే కబురు పెట్టాలి. ఫితూరీ అంటే తిరుగుబాటు. సర్కారు కాయితాల్లో ఆ మాట ఎన్నిసార్లు కనిపిస్తుందంటే, ఏజెన్సీలో అదొక రుతువేమో అనిపిస్తుంది.

1879లో రంపలో లేచిన ఫితూరీ వాటిల్లో పెద్దది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం, అప్పుల కోర్టులు: కారణాలు చాలా. అణచడానికి మద్రాసు ప్రభుత్వం పంపినవాటి జాబితా చూస్తే, వందల మంది పోలీసులు, ఆరు రెజిమెంట్ల పదాతి దళం, అశ్వికదళంలో ఒక స్క్వాడ్రన్, హైదరాబాద్ నుంచి మరో పదాతి రెజిమెంటు, వీటితోపాటు రెండు కంపెనీల శాపర్స్ అండ్ మైనర్స్. ఈ చివరివాళ్ళు సైన్యంలో దారులు కొట్టేవాళ్ళు. తుపాకీవాడి ముందు గునపం వాడు నడవాలి, లేకపోతే తుపాకీ కొండ ఎక్కదు. అది తెలుసుకున్నారు.

మూడేళ్ళకి 1882 మద్రాసు అటవీ చట్టం. పోడు నేరమైంది, మేతకి రుసుమొచ్చింది, నిన్నటి దాకా ఇంటి వెనకున్నది రిజర్వు ఫారెస్టు అయింది. ఇక అడవిలో కలపకి లెక్క ఉంది కాబట్టి అది దిగడానికి రోడ్డు కావాలి. రోడ్డు పడ్డాక చింతపండుకీ అడ్డాకులకీ మైదానం వ్యాపారులు వస్తారు, సారా కాంట్రాక్టర్లు వస్తారు, అప్పు వస్తుంది, అప్పుతో భూమి పోతుంది. ఆర్నాల్డ్ చెప్పే కథలో నాకు అర్థమైన వరస ఇది. భూమి అలా పోతోందని ప్రభుత్వమే ఒప్పుకుని 1917లో ఏజెన్సీ భూముల బదిలీ మీద ఆంక్షల చట్టం చేయాల్సి వచ్చింది.

పాడేరులో పెట్రోలు కొట్టించి, ఇడ్లీ తిని, జి.మాడుగుల మీదుగా చింతపల్లి పట్టాను. ఇక్కణ్ణుంచి దారి నిజంగా బాగుంటుంది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియం, కింద కాఫీ. పసుపు ఆరబోసిన కల్లాలు. వలిసెలు పూసే కాలం కాదు, అది వేరే సంగతి.

బాస్టియన్ సంగతికి వస్తాను. 1920ల మొదట్లో ఇతను గూడెం డిప్యూటీ తాసీల్దారు. సీతారామరాజు మీద వచ్చిన పుస్తకాలన్నిట్లోనూ విలన్ ఇతనే, అందులో వివాదం లేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించే పని ఇతని చేతిలో పడింది. కొండవాళ్ళని ఇళ్ళలోంచి లాక్కొచ్చి పని చేయించాడు. కూలి నామమాత్రం, అదీ చేతికి సరిగ్గా అందింది లేదు. ఎదురు చెప్తే దెబ్బలు. తమ పోడుకి వెళ్ళకుండా కట్టడి. వెట్టి కొండలకి కొత్త కాదు. దొరలు క్యాంపుకి వస్తే సామాను మోయడం, కొన్నిచోట్ల దొరల్నే మోయడం అంతకుముందూ ఉంది. అయితే క్యాంపు వెట్టి వారం రోజులకి అయిపోతుంది. రోడ్డు వెట్టి అలాక్కాదు. అది రోజూ ఉంటుంది, నెలల తరబడి ఉంటుంది. పైగా తన చేత్తో తను వేస్తున్నది ఎవరు ఎక్కి రావడానికో కళ్ళముందే కనిపిస్తూ ఉంటుంది.

అలా విసిగినవాళ్ళలో గాం గంతం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర ఉన్నారు. బట్టిపనుకుల మనుషులు, ఊరి అధికారం పోగొట్టుకున్నవాళ్ళు. పత్రికల్లోనూ సినిమాల్లోనూ వీళ్ళు 'అనుచరులు'. మరో కోణంలో చూస్తే, రాజు రాకముందే ఇక్కడ ఒక తగాదా ఉంది, అందులోకి రాజు వచ్చాడు. అట్లూరి మురళి 1984లో సోషల్ సైంటిస్టులో రాసిన వ్యాసం ఈ తిరుగుబాటు మీద చదవాల్సిన ఇంకోటి. రాజు గొప్పతనాన్ని తగ్గించాలని కాదు. గోదావరి, విశాఖ మైదానాల నుంచి వచ్చిన ఒక క్షత్రియ సన్యాసి కొండవాళ్ళ కోపాన్ని తన కోపం చేసుకుని రెండేళ్ళు నిలబెట్టడం చిన్న విషయమేమీ కాదు. కాకపోతే కృష్ణ గారి 1974 సినిమా చూసి పెరిగిన మనకి, గునపం పట్టుకున్న మనిషి మొహం ఒక్కటీ గుర్తుండదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు పట్టుకుపోయారు. నెల తిరక్కుండా, సెప్టెంబర్ 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ పోలీసు అధికారుల్ని కాల్చి చంపారు. అప్పుడు జరిగింది చాలామంది రాశారు: ఇరుకు దారిలో ముందు నడుస్తున్న దేశీ పోలీసుల్ని పోనిచ్చారు, వెనకొస్తున్న దొరలు గురిలోకి వచ్చేదాకా ఆగారు. దారి ఎంత ఇరుకో తెలిసినవాడే అలా ఆగగలడు. కొండ పక్కన మనిషి వెనక మనిషి తప్ప నడవలేని చోట, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఎంచుకునే వీలు పైనున్నవాడికి ఉంటుంది. అదే చోట నాలుగు గజాల రోడ్డుంటే ఆ రోజు కథ వేరు.

తర్వాతి కథ తెలిసిందే. మలబారు నుంచి ప్రత్యేక పోలీసు, తర్వాత అస్సాం రైఫిల్స్. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని పట్టుకుని కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆ జూన్‌లో గంతం దొర చనిపోయాడు. మల్లు దొర పట్టుబడి, ఏళ్ళ తరబడి జైలుశిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. దారి మీద తిరగబడ్డ మనిషి ఢిల్లీ దాకా వెళ్ళాడు. ఆయన మీద ఒక మంచి జీవితచరిత్ర ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

లంబసింగి చేరేసరికి సాయంత్రం నాలుగు. దీని ఇంకో పేరు కొర్రబయలు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతారని. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాద్ నంబర్ల కార్లు, టెంట్లు, బ్యాంబూ చికెన్ బోర్డులు. నర్సీపట్నం వైపు ఘాట్ కొంత దిగి, ఒక మలుపులో బండి స్టాండు వేశాను. కొండవైపు రాయిని కోసిన గోడ, లోయవైపు పిట్టగోడ. ఆ రాళ్ళలో 1921 నాటివి ఏమైనా ఉన్నాయా? రోడ్డు ఎన్నిసార్లు వెడల్పు చేశారో, ఎన్నిసార్లు తారేశారో. వెట్టికి మస్టర్ రోల్ ఉండదు. కొట్టినవాళ్ళ పేర్లు రాసిన రాయి ఎక్కడా లేదు, ఉంటుందని నేనూ అనుకోలేదు. పక్కన ఒక జంట ప్రీవెడ్డింగ్ షూట్ చేసుకుంటున్నారు. ఫొటోగ్రాఫర్ నన్ను ఫ్రేములోంచి తప్పుకోమన్నాడు.

రాత్రి చింతపల్లిలో పడుకుని మర్నాడు వెనక్కి. జి.మాడుగుల ఇంకా కొంత దూరం ఉందనగా, ఎడమవైపు ఒక సిమెంటు రోడ్డు కొండెక్కుతూ కనబడింది. సరదాగా తిప్పాను. మూడు కిలోమీటర్లకి సిమెంటు అయిపోయింది. తర్వాత అప్పుడే గీకినట్టున్న మట్టిదారి, బండి జారుతోంది. ఆపేసి నడిచాను. పైన పాతిక ఇళ్ళ ఊరు. అరుగు మీద ఒకాయన అడ్డాకులు కుడుతున్నారు.

"ఈ దారి కొత్తగా పడిందా తాతా?"

"పడలేదు బాబూ. మేమే కొట్టాం."

ఇంటికొకరు చొప్పున వారానికో రోజు. మనుషుల వల్ల కాని చోట చందాలేసుకుని గంటల లెక్కన జేసీబీ తెచ్చారట. అంతకుముందు ఎవరికైనా బాగోకపోతే డోలీయే. వెదురు బొంగుకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరిద్దరు మార్చుకుంటూ సిమెంటు రోడ్డు దాకా మోయడం. ఆయన కోడల్ని అలాగే దింపారు. "సగం దార్లోనే కనేసింది. అదుగో, ఆడే," అంటూ, ముక్కు చీమిడితో నా హెల్మెట్ తడుముతున్న ఆరేళ్ళవాణ్ణి చూపించారు.

బాస్టియన్ పేరు చెప్పి చూశాను. ఆయనకి తెలీదు. సీతారామరాజు తెలుసు, సినిమాలో చూశారు.

ఉత్తరాంధ్ర పేపర్లలో జిల్లా ఎడిషన్ చదివేవాళ్ళకి 'డోలీ మోతలు' అన్న హెడ్డింగు కొత్తేమీ కాదు. శ్రమదానంతో రోడ్డు వేసుకున్న కొండ ఊళ్ళ వార్తలూ కొత్త కాదు. 2018లో ప్రభుత్వం గిరిజన ప్రాంతాలకి ఫీడర్ అంబులెన్సులని పెట్టింది. అవి బైకులు, పక్కన రోగి పడుకునే తొట్టితో. నాలుగు చక్రాలు వెళ్ళలేని చోట రెండు చక్రాలు వెళ్తాయని. నేను సరదాకి అద్దెకి తెచ్చుకున్న బండిలాంటిదే.

వందేళ్ళ కింద రోడ్డు వద్దని తిరగబడ్డవాళ్ళు, ఇప్పుడు రోడ్డు కావాలని కలెక్టరాఫీసుకి అర్జీలు పట్టుకు తిరుగుతున్నవాళ్ళు, ఒకే కొండ మనుషులు. దీన్ని చూసి 'కాలం మారింది, అభివృద్ధి విలువ తెలిసింది' అనేవాళ్ళతో నాకు పేచీ. అప్పుడు కూడా గొడవ రోడ్డుతో కాదు. ఎవరు అడిగారు, ఎవరు కొట్టారు, ఎటు నుంచి ఎటు వెళ్తుంది అన్నదాంతో. లంబసింగి ఘాట్ కింద నుంచి పైకి వేసిన దారి. మైదానానికి కొండతో పనిబడి వేసింది. ఈ ఊరి మట్టిదారి పై నుంచి కిందికి కొట్టుకున్నది. రెండూ గునపంతో తవ్విన రోడ్లే. వాటిని ఒకే పద్దులో రాయడం కుదరదు.

అరకులో నా గది పట్టాలకి దగ్గర. రాత్రంతా గూడ్సులు. కొత్తవలస-కిరండూల్ లైను కూడా పైకి వేసిన దారే. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరింది, బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ ఓడరేవుకి దిగాలి, దానికోసం ఆ దశాబ్దం చివరికి ఈ కొండల్లోంచి లైను పూర్తి చేశారు. 58 సొరంగాలు, 84 వంతెనలు అని గైడ్లు గర్వంగా చెప్తారు. ఇంజనీరుగా నాకూ గర్వమే, అబద్ధమెందుకు. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద 996.32 మీటర్లు అని చూసి నేనూ ఫొటో తీసుకున్నాను. ఖనిజం బళ్ళ మధ్య పాసింజరు ఒకటి నడుస్తుంది. సంతకీ, ఆసుపత్రికీ, శృంగవరపుకోటకీ కొండవాళ్ళు దాన్లోనే దిగుతారు. వాళ్ళకోసం వేసింది కాదు గానీ వాళ్ళు వాడుకున్నారు. ఇప్పుడు దానికి అద్దాల బోగీ తగిలించారు, మనకోసం.

ఆ లైను పక్కనే, బొర్రా గుహల చుట్టూ ఉన్న పల్లెల్లో, దారి ప్రశ్న కోర్టుకెక్కింది. అనంతగిరి మండలంలో గిరిజన భూముల్లో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులిచ్చారని సమత అనే సంస్థ కేసు వేసింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి ఆ లీజులు చెల్లవంది. 1959 నాటి భూబదిలీ నియంత్రణ రెగ్యులేషన్లో, దాన్ని గట్టిపరచిన 1970 సవరణలో, 'వ్యక్తి' అన్న మాటకి ప్రభుత్వం కూడా వస్తుందని తేల్చింది. ముగ్గురు జడ్జీల్లో ఒకరు విభేదించారు. ఈ దేశంలో గిరిజన భూమి గురించి ఎక్కడ మాట్లాడినా 'సమత తీర్పు' అంటారు, ఆ తీర్పు పుట్టిన కొండని మాత్రం మనం రోప్ లైట్లేసిన గుహ కోసం గుర్తుపెట్టుకుంటాం.

మర్నాడు పొద్దున్న బండి తిరిగిచ్చేశాను. కుర్రాడు మీటరు చూశాడు, చక్రాల మీది ఎర్రమట్టి చూశాడు, వీడియో పెట్టమని గీతలన్నీ సరిచూసుకున్నాడు. కొత్త గీత ఒకటి దొరికింది. రెండొందలు. కిలోమీటర్లకి ఇంకో నాలుగొందలు.

"చింతపల్లి దాకా రోడ్డెలా ఉందన్నా?" అని అడిగాడు, డబ్బులు లెక్కపెట్టుకుంటూ.

కొన్నిచోట్ల బాగుంది, జి.మాడుగుల దగ్గర ఇంకా పని జరుగుతోందని చెప్పాను.

"మా చెల్లిని అక్కడే ఇచ్చాం. పూర్తయిపోతే పొద్దున్నెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు." ఆధార్ కార్డు తీసిచ్చి, పైపు పట్టుకుని బండి కడగడం మొదలుపెట్టాడు.